బండియింటి విద్యుత్తు జమాఖర్చు

గోడమీది మీట నొక్కినంతనే దీపము వెలుగును గాన, ఆ వెలుగునకు వెనుక నెంత వ్యయ మగుచున్నదో మాసాంతమున బిల్లు వచ్చువఱకు మనకు తోచదు. మేమును పెక్కేండ్లు అట్లే కాలము గడపితిమి. కాని చక్రములమీద నిల్లు పెట్టుకొని, ఏ తీగయు రాని యెడారిలో కాపుర ముండబోయిన నాడు ఆ యజ్ఞానము మా కొంప ముంచినంత పని చేసినది. ఆ కథయు, దాని పిమ్మట మేము నేర్చుకొన్న జమాఖర్చును సోదరీమణులకు విన్నవింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము అమెరికాదేశమున కాలిఫోర్నియా దక్షిణభాగమున నివసించుచున్నాము. ఈ దేశమున ట్రావెల్ ట్రెయిలరులను బండియిండ్లు కలవు. కారు వెనుక తగిలించి లాగికొనిపోదగిన యా చిన్న యింట మంచములు, గ్యాసుపొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది, చలి పోగొట్టు గ్యాసు హీటరు, సమస్తము నుండును. విడుదులు రెండు తెఱగులు. కొన్నిట కరెంటు స్తంభమును, నీళ్లకొళాయియు నుండును. తాడు గ్రుచ్చినచో ఇల్లును బండియు నొక్కటియే. తక్కినవానిలో భూమియు నాకాశమును దప్ప నేమియు నుండవు. ప్రభుత్వపు బయలుభూములలో ఒక్కొక్కచోట 28 దినములలో 14 దినములు ఉచితముగ దిగవచ్చును గాని, దీపమునకు వలయు విద్యుత్తు మాత్రము మన వెంట మనమే మూటగట్టుకొని పోవలెను. ఆ మూటయే బ్యాటరీ.

2020 జనవరిలో మా అత్తగారు మాతో నుండిరి. వారికి డెబ్బదిరెండేండ్లు. సంక్రాంతికి నాలుగు దినములు సెలవు దొరకగా, అరిజోనా రాష్ట్రమున క్వార్ట్‌సైటు అను చిన్న యూరివద్ద యెడారిలో పండుగ చేసికొందమని మావారు సంకల్పించిరి. వేసవిలో నిప్పులు చెఱుగు నా యూర చలికాలమున వేలకొలది బండియిండ్లు వచ్చి దిగును. ఊరి శ్మశానమున హైజాలీ యని యిచ్చటివారు పిలిచిన హాజీ ఆలీ సమాధి కలదు. గతశతాబ్దమునకు ముందటి శతాబ్దమున అమెరికా సైన్యమువారు ఒంటెలను తెప్పించి యెడారులలో బరువులు మోయింపజూచినప్పుడు వానితో వచ్చిన ఒంటెలకాపరి యతడు. 1902లో మృతినొందెను. 1935లో కట్టిన పిరమిడువంటి కట్టడముపై రాగి యొంటె నిలిచి యున్నది. మా అత్తగారు దానికి నమస్కరించి, "పాపం, ఇంత దూరం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు" అని నిట్టూర్చిరి. వారికి ఆ యూర నచ్చిన వస్తు వదియొక్కటియే ననవచ్చును.

అత్తగారికి నిద్రలో ఊపిరి మాటిమాటికి నిలిచిపోవు వ్యాధి కలదు. రాత్రులయందు ముక్కునకు తొడుగు బిగించి, ఒత్తిడితో గాలి నందించు సీప్యాపను యంత్రము పెట్టుకొని నిద్రించుట వైద్యుల యాజ్ఞ. ఈ యంత్రమునకు విద్యుత్తు కావలెను. మా బండి మూతివద్ద నొక సీసపు బ్యాటరీ, కప్పుపై 100 వాట్ల సోలారు పలక యొకటి యుండెను. "ఎడారిలో ఎండకు కఱవా?" యని మావారు ధైర్యము చెప్పిరి. మేమును నమ్మితిమి.

మొదటిరాత్రి సుఖముగనే గడచినది. మఱునాడు పగలు గోడమీది కొలతపలకపై నాలుగు చిన్నదీపములును వెలుగుచుండుట చూచి, బ్యాటరీ నిండుకుండవలె నున్నదని సంతసించితిమి. ఆనాడు కనుమ. కనుమనాడు మినుము తినవలెనని మనవారి వాడుక గదా. మినపప్పు నానబోసి తెచ్చికొని యుంటిమి. 12 వోల్టుల బ్యాటరీ విద్యుత్తును 120 వోల్టులుగ మార్చు నిన్వర్టరు నొకదానిని మావారు బిగించి, "మిక్సీని నిమిషమునకు మించి త్రిప్పకుడు" అని హెచ్చరించియే యుండిరి. గారెలపిండికి నీరు పోయరాదు. నీరు లేనిచో మిక్సీ తిరుగదు. ఆపుచు, కలియబెట్టుచు, మరల త్రిప్పుచు, మావా రావల నడకకు పోయిన సమయమున పదినిమిషములు త్రిప్పితిమి. గారెలు చక్కగ వచ్చినవి. ఆ పదినిమిషములమాట మాత్రము ఎవరికిని చెప్పలేదు.

రాత్రి రెండుగంటలవేళ ఇన్వర్టరు కీచుమని మొఱపెట్టసాగినది. మేము లేచి చూచునంతలో ఆ కూతయు నాగిపోయినది. దానితోడనే సీప్యాపు నాగినది. హీటరులోని పంకా రెండుమాఱులు మూలిగి నిలిచినది. మీట నొక్కగా దీపము మిణుగురువలె మెఱసి యాఱినది. బయట నెడారి చలి. అత్తగారు ముక్కునకున్న తొడుగు లాగివైచి, లేచి కూర్చుండి, ఎగఊపిరితో "ఏమైందే అమ్మాయీ?" యని యడిగిరి. ఆ క్షణమున మాకు గలిగిన వెఱపు ఇప్పటికిని మఱువలేదు.

మావారు చేతిదీపము పట్టుకొని బయటికి పరుగిడి, మరలు విప్పి, ఇన్వర్టరును బండినుండి తీసి కారు బ్యాటరీకి తగిలించి, ఇంజను నడపి, కిటికీగుండ తాడు లోనికి పంపువఱకు ముప్పాతికగంట పట్టినది. అంతదాక అత్తగారిని పండుకొననీయరాదు. దిండ్లు వెనుక నానించి, ఉన్న దుప్పట్లన్నియు కప్పి, ప్రక్కను కూర్చుండి మాటలు పెట్టితిమి. మాటలలో మా తప్పు మేమే బయట పెట్టుకొంటిమి. "అత్తయ్యగారూ, సాయంత్రం మిక్సీ పది నిమిషాలు తిప్పాను. ఆయనకు చెప్పలేదు" అంటిమి. వారొక్క క్షణ మూరకుండి, "రుబ్బింది నువ్వయితే తిన్నది నేను గదా! ఊరుకో" అనిరి. అటుపిమ్మట తమ చిన్ననాటి లాంతరు కథ చెప్పిరి. పల్లెలో వారింటికి కరెంటు లేదట. ప్రతి సాయంత్రమును చిమ్నీ గుడ్డతో తుడిచి, వత్తి కత్తిరించి, సీసాలోని కిరసనాయిలు గీతపెట్టి కొలిచి పోయు పని పదేండ్ల పిల్లయగు వారిదేనట. ఎక్కువ పోసిన రాత్రికి మఱునాడు చీకటి తప్పదట. "మా అమ్మ సీసామీద గీత చూసేది. మీరు గీత ఎక్కడ చూస్తారే?" యని యడిగిరి. మాయొద్ద సమాధానము లేకపోయినది.

తెల్లవాఱినపిమ్మట ప్రక్క విడిదినుండి ఒక వృద్ధురాలు వచ్చినది. ఆమె యొక కుక్కను వెంటబెట్టుకొని చలికాలమంతయు నొంటిగ నా యెడారిలోనే గడపు అమెరికావనిత. రాత్రి కారు ఇంజను చప్పుడు విని, ఏదో యాపద యని గ్రహించి వచ్చితి ననెను. తన చిన్న జెనరేటరును మాకిచ్చెను. అది నడచుచుండగా మా బ్యాటరీవద్ద కూర్చుండి, కాగితము పెన్సిలు తెప్పించి, మా సంసారపు లెక్క వేయించినది. ఆ కాగిత మింకను మాయొద్ద నున్నది.

మా బ్యాటరీ 80 ఆంపియరు-గంటలది. అనగా నొక్క ఆంపియరు చొప్పున వాడుకొన్నచో సుమారు 80 గంటలు వచ్చునన్నమాట. కాని సీసపు బ్యాటరీలో పైసగమే మనది. క్రిందిసగమును తఱచు త్రోడినచో లోపలి పలకలపై సల్ఫేటు గట్టిపడి, నానాటికి దాని పొట్ట కుంచించుకొని పోవును. కావున మా కుండినది 40 మాత్రమే. ఇక ఖర్చు చూడుడు. గ్యాసు హీటరునకు గ్యాసు చాలదు; వేడిగాలిని ఊదు పంకా 7 ఆంపియర్లు త్రాగును. రాత్రి పన్నెండుగంటలలో నాలుగుగంటలు తిరిగినచో 28. సీప్యాపునందు గాలికి తోడు నీటిని వేడిచేసి చెమ్మ కలుపు తొట్టి యొకటి కలదు. దానితో, ఇన్వర్టరుగుండ, గంటకు 5 చొప్పున ఎనిమిదిగంటలకు 40. గారెలకు 10. గ్యాసు కారినచో కూయు గంటయు, ఫ్రిజ్జిలోని మీటలపలకయు మనము నిద్రించినను నిద్రింపవు; అవి యూరకయే దినమునకు కొన్ని ఆంపియరు-గంటలు మ్రింగును. దీపములు మాత్రము నేటి యెల్.ఈ.డి.లగుటచే లెక్కకు రావు. ఇన్నాళ్లును పిల్లలను "దీపము లార్పుడు" అని గద్దించిన మేము సిగ్గుపడితిమి.

జమ మాటేమి? కప్పుమీది పలక యాదినమున తెచ్చినది 20 ఆంపియరు-గంటలకు మించదు. ఇది మాకు వింతగా దోచినది. ఎడారిలో ఎండ కాయలేదా యనగా, కాచినది. కాని సంక్రాంతినాటికి సూర్యుడా ప్రదేశమున మిట్టమధ్యాహ్నము సైతము దక్షిణదిశను 35 డిగ్రీల యెత్తుననే యుండును. పలక యేమో కప్పుమీద వెల్లకిల పండుకొని యుండెను. ఎండ దానిపై ఏటవాలుగ జాఱి, ఎదురుగ తగిలిన దానిలో సగముకంటె కొంచెమే ఎక్కువ పనిచేసినది. పగటిపొద్దు చూడబోయిన పదిగంటలు. ఇక గోడమీది నాలుగు దీపముల మోసము మఱియొకటి. పలకనుండి విద్యుత్తు వచ్చుచున్నంతసేపు బ్యాటరీ వోల్టులు పైకి పొంగి నిండినట్లు కనబడును. పొంగిన పాలు చూచి గిన్నె నిండుగ నున్నదనుకొన్న చందమున మేము మోసపోయితిమి. పొయ్యి దింపి చల్లార్చి చూచిన గాని పాలెన్నియో తెలియవు.

"గీత ఎక్కడ చూస్తారే?" యను అత్తగారి ప్రశ్నకు సమాధాన మిదియే. సూర్యోదయమునకు ముందు, పలకమీద వెలుగు పడకమునుపు, ఏ యంత్రమును నడువని వేళ, వోల్టుమీటరుతో బ్యాటరీని చూడవలెను. సీసపు బ్యాటరీ 12.7 చూపినచో నిండినది, 12.2 చూపినచో సగము, 12.0 అయినచో పాతికభాగమే. వోల్టులో సగమునకే మొత్తము జరిగిపోవును! మీటరు ఖరీదు స్వల్పము. ఆ మధ్యాహ్నమే ఊరిలోనికి పోయి యొకటి కొని తెచ్చితిమి. అత్తగారు దానిని చేతికి తీసికొని, ఎఱ్ఱతీగ యెటు నల్లతీగ యెటు నడిగి తెలిసికొని, "ఇక ఇది నా పని" అనిరి. ఒకకాలమున భాండారపు తాళములు మొలను దోపుకొన్న మనిషి గదా! మిగిలిన దినములలో మేము నిద్రలేచునప్పటికి పంచాంగపు వెనుకపుటను ఆనాటి యంకె వ్రాసియుండెడిది.

ఖర్చు తగ్గించుట జమ పెంచుటకంటె సులభమని మాకు వెంటనే తెలిసినది. సీప్యాపును ఇన్వర్టరుగుండ నడపుటలోనే మొదటి దుబారా. బ్యాటరీ విద్యుత్తును 120 వోల్టులకు పెంచి, మరల యంత్రపు పెట్టెలో తక్కువ వోల్టులకు దింపుట, నేతిని గిన్నెనుండి గిన్నెకు వంచుట వంటిది. ప్రతి గిన్నెకును కొంత యంటుకొనిపోవును. నేరుగా 12 వోల్టులకు తగిలించు తాడు నా యంత్రమువారే యమ్ముదురు. అది తెప్పించి, వైద్యుని యడిగి, ఎడారిలో నున్న రాత్రులకు నీటితొట్టిని మాన్పించితిమి. 40 ఆంపియరు-గంటల ఖర్చు 15 లోపునకు దిగినది. హీటరును నిద్రించుముందు, తెల్లవాఱుజామున మాత్రమే నడపి, నడుమ బొంతలను నమ్ముకొంటిమి. వేడినీళ్ల సీసాలు గుడ్డలో జుట్టి పాదములవద్ద పెట్టుట అత్తగారి సలహా. దానికి గ్యాసే గాని విద్యుత్తు వలదు.

ఇక మిక్సీ. తోబుట్టువులు దీనిని శ్రద్ధగ వినవలె ననుకొందుము. వేడిచేయునవి, త్రిప్పునవి, ఈ రెండు జాతులే బ్యాటరీకి శత్రువులు. పప్పురుబ్బు పదినిమిషములలో మిక్సీ తిన్నది, నేరు తాడుమీద నడచు సీప్యాపునకు ఇంచుమించు రాత్రికి సరిపోవును. కాఫీకాచు విద్యుత్పాత్ర, తల ఆర్చుకొను యంత్రము, మైక్రోవేవు, వీనిని ఒంటి బ్యాటరీమీద తలపెట్టనే రాదు. నాటినుండి మేము ఇంటివద్దనే పిండి రుబ్బి మంచుపెట్టెలో పెట్టుకొని పోవుచున్నాము. పచ్చళ్లకు మాఱు పొడులు. తప్పనిసరియైనచో చిన్న రాతికల్వము కలదు. ఇంత దేశము తిరిగి, ఇంత శాస్త్రము పెరిగి, చివరకు రోటికే వచ్చితిమని మావారు నవ్వుదురు. నవ్వనిండు, నూఱునది వారు గారు.

జమ విషయమున ఆ వృద్ధురాలే మాకు గురువు. ఆమెయొద్ద గోల్ఫుబండ్లలో వాడు 6 వోల్టుల సీసపు బ్యాటరీలు రెండు వరుసగ కలిపి 12 వోల్టులుగ నుండెను. ఒక్కొక్కటి ఇరువదియెనిమిది కిలోలుండును గాని, రెండును గలిసి 200 ఆంపియరు-గంటలకు పైబడి యిచ్చును. ఆమె సోలారు పలకలు కప్పుమీద గాక నేలమీద కాళ్లపై నిలబెట్టినవి. ఉదయము తూర్పునకు, మధ్యాహ్నము దక్షిణమునకు, సాయంత్రము పడమరకు దినమునకు మూడుసారులు త్రిప్పును. మనవారు వడియములు ఎండవెంట జరుపునట్లే. పలకమీద చిన్నకొమ్మ నీడపడినను దాని యుత్పత్తి సగమునకు సగము పడిపోవుట మాకు మీటరుమీద చూపినది. అందుచే నింకొక చిక్కు కలదు. వేసవిలో బండికి నీడ కావలెను, పలకకు ఎండ కావలెను. నేలమీది పలకకు పొడవైన తాడుండినచో రెండును కుదురును.

కారు నడచుచున్నప్పుడు బండి బ్యాటరీ నిండునుగదా యని చాలమంది నమ్ముదురు. మేమును నమ్మితిమి. కారునుండి బండికి పోవు తీగ సన్నము, దూరము ఎక్కువ. వోల్టులు దారిలోనే సన్నగిల్లి, చివరకు గంటకు కొద్ది ఆంపియరులే చేరును. నాలుగుగంటల ప్రయాణములో వచ్చినది ఒకరాత్రి హీటరునకు చాలకపోవచ్చును. జెనరేటరువిషయమునను ఇట్టి భ్రమ యొకటి. జెనరేటరు ముఖమున 12 వోల్టుల రంధ్రము ప్రత్యేకముగ నుండును. దానికే బ్యాటరీ తగిలించిన త్వరగ నిండునని తోచును. అది యిచ్చునది సాధారణముగ 8 ఆంపియర్లు. దానికంటె జెనరేటరు 120 వోల్టులను బండికి తగిలించి, బండిలోని ఛార్జరుచేత నింపించుట మేలు. అదియైనను పాతరకము ఛార్జరైనచో 13.6 వోల్టులవద్దనే నిలిచి మందకొడిగ నింపును. క్రొత్తరకము మొదట 14.4 దాక పోయి, నిండిన పిమ్మట తగ్గును. ఆనాడు మూడుగంటలు మ్రోగించినను మాది ముప్పాతిక నిండలేదు.

సీసపు బ్యాటరీ స్వభావము ఆకలిగొన్న పిల్లవానిది. ఆకలిమీద గబగబ తినును. కడపటి ముద్దలకు గంటలు పట్టించును. అందుచే జెనరేటరు తెల్లవాఱినపిమ్మట, బ్యాటరీ వట్టిపోయియున్న వేళ గంట రెండుగంటలు నడపి ఆపివేసి, మిగిలిన కడపటి యిరువదిపాళ్లను ఎండకు వదలవలెను. సాయంకాలము మ్రోగించుట ఇరుగుపొరుగులకు బాధ, మనకు నష్టము. విడుదులలో జెనరేటరు వేళలు నియమించియుందురు; వానిని మీఱరాదు. దాని పొగలో వాసనలేని విషవాయువు, కార్బన్ మొనాక్సైడు, కలదు. కిటికీక్రింద గాని, బండిక్రింద గాని పెట్టి నిద్రించుట ప్రాణాపాయము. ఇది యొక్కటి మాత్రము పదిసారులు చెప్పినను ఎక్కువ గాదు.

బ్యాటరీ చచ్చినచో దీపములే గదా పోవును, బండి కట్టుకొని ఇంటికి పోవచ్చునని మఱునాడు ఉదయము మే మనుకొంటిమి. అదియు పొరపాటే. బండి మూతిని పైకెత్తు జాకీ బ్యాటరీతో నడచునదే. చేతితో త్రిప్పి త్రిప్పి మావారి భుజములు పడిపోయినవి. అంతకంటె ముఖ్యము, దారిలో బండి కారునుండి తెగిపోయినచో దానంతట నది బ్రేకు పడునట్లు చేయు నేర్పాటునకు బండి బ్యాటరీయే ఆధారము. అది వట్టిదైనచో ఆ రక్ష లేదు. కావున జెనరేటరుతో కొంత నింపిన పిమ్మటనే కదలితిమి.

ఆ మార్చిలో అత్తగారు తిరిగి పోవలసియుండగా కరోనావలన విమానములు నిలిచిపోయినవి. వారు మాతో మఱియొక యేడాది యుండిపోయిరి. హాజీ ఆలీ కథ తలచుకొని, "నన్నూ ఇక్కడే ఉంచేస్తారా ఏమిటే?" యని ఒకటి రెండుమాఱులు పరిహాస మాడిరి, మూడవమాఱు పరిహాసముగ లేదు. 2021లో వారిని బందరు చేర్చినాము.

ఆ యేడే మేము సీసమును విడిచి లిథియమ్ ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు రెండు, ఒక్కొక్కటి 100 ఆంపియరు-గంటలవి, కొంటిమి. ఖరీదు గుండె గుభేలుమనిపించినమాట నిజము. కాని ఒక్కొక్కటి పండ్రెండు పదమూడు కిలోలకు మించదు. సగమువద్ద నాగక, ఇంచుమించు అడుగువఱకు వాడుకొనవచ్చును. కడపటివఱకును అదే వేగమున నిండును. వోల్టులు మాత్రము చాలసేపు కదలక యొక్కచోటనే యుండుటచే మా మీటరు పనికిరాకపోయినది. లోనికి వచ్చు ప్రతి ఆంపియరును, పోవు ప్రతి ఆంపియరును లెక్కించి మిగిలినది చూపు యంత్రము నొకటి బిగింపవలసి వచ్చెను. ఇది సీసామీది గీత గాదు, బ్యాంకు పుస్తకము.

ఇక భయములేదని విఱ్ఱవీగితిమి. 2022 నవంబరులో గ్రాండ్ క్యాన్యను దక్షిణపుటంచున మేథరు విడిదిలో దిగితిమి. అచ్చట కరెంటు స్తంభములు లేవు. ఎత్తు ఏడువేల అడుగులు. తెల్లవాఱునప్పటికి బక్కెటులోని నీరు గడ్డగట్టినది. జెనరేటరు మ్రోగుచున్నది, యంత్రమున జమ సున్న! బ్యాటరీ చెడిపోయినదని మావారు తలపట్టుకొనిరి. చెడిపోలేదు. ఈ జాతి బ్యాటరీని సున్న సెంటీగ్రేడునకు దిగువ నింపినచో లోపల శాశ్వతముగ చెడును గాన, దానిలోని కాపలాపలక తనంతట తానే తలుపు మూసికొన్నది. వాడుకొనుట కడ్డులేదు, నింపుటకే యడ్డు. ఎండ వచ్చి బ్యాటరీ పెట్టె వెచ్చబడువఱకు వేచియుండవలసి వచ్చెను. ఇంటికి వచ్చిన వెంటనే వానిని బండిమూతినుండి తీయించి మంచముక్రింద పెట్టించితిమి. సీసపు బ్యాటరీని నింపునప్పుడు మండు వాయువు వెలువడును గాన, గాలి బయటికిపోవు మార్గములేక పండుకొను గదిలో పెట్టరాదు. దీనికా బాధ లేదు.

ఆ చలి ఉదయమున అత్తగారికి ఫోను చేసి సంగతి చెప్పితిమి. ఇంతయు విని, "చలికి నాకు మల్లే దానికీ ఊపిరాడలేదన్నమాట" అనిరి. పిమ్మట బందరు కబుర్లు. వారింటిలోను కరెంటుకోతలకని ఇన్వర్టరును, పెద్ద సీసపు బ్యాటరీయు నున్నవి. ఇదివఱకు దానికి నీళ్లు పోయుటకు కొట్టువాడు వచ్చెడివాడు. ఇప్పు డతనిని రానీయరట. రెండు నెలల కొకసారి తామే కళ్లద్దములు పెట్టుకొని, మూతులు విప్పి, డిస్టిల్డు నీళ్లు గీతవఱకు పోసి, తారీఖు పంచాంగము వెనుకపుటను వ్రాయుదురట. కొట్టువాడు గీత దాటించి పోయుచుండెనని వారి ఫిర్యాదు.